తోలుబొమ్మలకు వర్చువల్ మ్యూజియం కట్టిన అనుభవం

మ్యూజియం గోడకు తగిలించి ఎదురుగా దీపం వేసి చూపించే తోలుబొమ్మ సగం బొమ్మ మాత్రమే. వెంట్రుకలు గీకి, వెలుతురు దూరేంత పలచగా చేసి ఆరబెట్టిన మేకతోలు మీద రంగులు వేసి, నగలూ చీర అంచులూ ఉన్నచోట ఉలితో సన్నని చిల్లులు కొట్టేది, వెనుక వెలిగే దీపం ఆ రంగుల గుండా, ఆ చిల్లుల గుండా తెర ముందు కూర్చున్నవాళ్ల కంటికి చేరాలని. అందువల్ల బెంగళూరులో ఉంటున్న మేము కొందరం తెలుగు మిత్రులం కలిసి తోలుబొమ్మలకు ఒక వర్చువల్ మ్యూజియం, అంటే అంతర్జాలంలో చూసే మ్యూజియం, చేద్దామనుకున్నప్పుడు, కెమెరా గురించీ సాఫ్ట్‌వేర్ గురించీ ఆలోచించకముందే వెలుతురు ఎటువైపు నుంచి రావాలో తేల్చుకోవలసి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన చిక్కులు చాలావరకు బొమ్మలకు సంబంధించినవి కావు. వాటిని ఎవరు దాచాలి, ఎంతకాలం దాచాలి, ఎవరి అనుమతితో చూపాలి అన్నవి. ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు పనికొస్తుందని ఆ అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను.

బొమ్మలు అనంతపురం వైపు నుంచి వచ్చి కె.ఆర్.పురం దగ్గర స్థిరపడిన ఒక కుటుంబానివి. ఇంటి పెద్దాయన ఊహ తెలిసినప్పటి నుంచి తెర వెనుక బొమ్మలాడించినవారు. ఆయన భార్య సీతకూ మండోదరికీ, నవ్వించే పాత్ర బంగారక్కకూ గొంతునిచ్చేవారు. వాళ్లు ఇంట్లో మరాఠీ కలిసిన భాష మాట్లాడుకుంటారు, ఆట తెలుగులో ఆడతారు, బయట బేరాలు కన్నడంలో చేస్తారు. ఇప్పుడు ఆ ఇల్లు గడిచేది బొమ్మలాట మీద కాదు. తోలుతో లాంప్‌షేడ్లు, గోడకు వేలాడదీసే బొమ్మలు చెక్కి అమ్ముతారు. ఏటా జనవరిలో కర్ణాటక చిత్రకళా పరిషత్తు కుమారకృప రోడ్డు మీద జరిపే చిత్రసంతె అనే బొమ్మల సంత లాంటి చోట్ల వాటికి గిరాకీ ఉంటుంది. ఆట ఆడమని పిలిచేవాళ్లు మాత్రం అరుదు. ఆడే బొమ్మలు వెదురుపెట్టెలో ఉంటాయి, దేవుళ్లనూ రాక్షసులనూ వేర్వేరు దొంతరలుగా పెడతారు, ఆ రెండింటినీ కలపరు.

పెద్దాయన మొదటిరోజే ఒక షరతు పెట్టారు. "ఫోటోలు తీసుకో పాపా, నేనేం వద్దనను. అయితే చినిగి పనికిరాకుండా పోయిన బొమ్మను ఏట్లో కలిపేది మా తాతల కాడినుంచీ ఉండేది. అది మానుకోమని మాత్రం అడగాకు," అన్నారు. వాళ్ల దృష్టిలో బొమ్మకు ప్రాణముంటుంది, ఆయుష్షు తీరాక దానికి జరగవలసిన మర్యాద జరగాలి. మ్యూజియం చదువు చదివినవాళ్లకు ఈ మాట మింగుడుపడదు. ఉన్న వస్తువును ఉన్నట్టుగా నిలబెట్టడమే వాళ్లకు నేర్పిన ధర్మం. నేను చాలా ఆలోచించాను. యునెస్కో 2003 అక్టోబరులో రెండు పత్రాలను ఆమోదించింది. ఒకటి మౌఖిక సంప్రదాయాలు, ప్రదర్శన కళలు, చేతిపనుల వంటి సజీవ వారసత్వాన్ని కాపాడే ఒడంబడిక. రెండోది డిజిటల్ వారసత్వ పరిరక్షణకు సంబంధించిన ప్రకటన. మొదటిది ఒక సంప్రదాయాన్ని పాటించే సముదాయానికి దాన్ని కాపాడే పనిలో వీలైనంత ఎక్కువ భాగస్వామ్యం ఉండాలంటుంది. ఆ లెక్కన చూస్తే బొమ్మను నీళ్లలో కలపడం కూడా ఆ వారసత్వంలో భాగమే. దాన్ని ఆపి వస్తువును మిగుల్చుకుంటే తోలు మిగులుతుంది, ఆచారం పోతుంది. డిజిటల్ ప్రతికి నిజమైన విలువ ఇలాంటి చోటనే కనిపించింది నాకు: ఆచారానికి అడ్డుపడకుండా, ఆ బొమ్మ ఎలా ఉండేదో ముందుతరాలకు తెలియజెప్పగలదు.

ఒప్పందం కాగితం రాసుకోవడానికి అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది, అందుకు నాకు విచారం లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ ప్రదర్శనకారుల హక్కును గుర్తిస్తుంది. అది ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది నుంచి లెక్కిస్తే 50 ఏళ్లపాటు ఉంటుంది. ఆ చట్టం ప్రదర్శనకారుడంటే ఎవరో చెప్పేటప్పుడు నటులు, గాయకులతో పాటు గారడీ చేసేవాళ్లనూ పాములాడించేవాళ్లనూ కూడా చేర్చింది. కాబట్టి బొమ్మలాడించేవారికి ఆ హక్కు వర్తిస్తుందనడంలో సందేహం అక్కర్లేదు. మేము కాగితం తెలుగులో రాసి, ఇంట్లో అందరి ముందూ చదివి వినిపించి, ఒక్కొక్క అంశం మీద వాళ్ల మాట తీసుకున్నాం. పెద్ద సైజు చిత్రాలు కుటుంబం దగ్గరా మా దగ్గరా మాత్రమే ఉండాలి. వెబ్‌సైటులో చూడటానికి వీలైనవి ఉండాలి గాని, అచ్చువేసి అమ్ముకోవడానికి వీలైనవి ఉండకూడదు. లాంప్‌షేడ్ల నమూనాలు ఒక్కటి కూడా పెట్టకూడదు. ఈ చివరి షరతు పెద్దాయన కోడలు పెట్టింది. వాళ్ల పనిని చూసి ప్లాస్టిక్ షీటు మీద అచ్చువేసి అమ్మేవాళ్లను ఆమె చూసింది. పురాణ పాత్రలు అందరివీ, నమూనాలు మాత్రం తమ కూడు అన్నది ఆమె వాదం. ఆమె చెప్పింది న్యాయమని అందరం ఒప్పుకున్నాం.

ఇక బొమ్మలను తీయడం. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండితే ముడుచుకుంటుంది. వానాకాలంలో బెంగళూరు ఇళ్లలో బూజు పట్టడం తేలిక. దానికి తోడు తోలును తొలిచి తినే చిన్న పురుగులుంటాయి. కుటుంబం పెట్టెలో ఎండు వేపాకు వేసేది. మేము ఒక్కొక్క బొమ్మకూ మధ్య ఆమ్లం లేని కాగితం పరచడం మాత్రమే కొత్తగా చేర్చాం. మెత్తని కుంచెతో దుమ్ము దులపడానికి మించి శుభ్రం చేయలేదు, ఎందుకంటే పాత రంగుల్లో నీటికి కరిగేవి ఉంటాయి, తడిగుడ్డ తగిలితే గీత చెదిరిపోతుంది. నూనె రాసి మెరిపించమని సలహా ఇచ్చినవారున్నారు. నూనె తోలును తాత్కాలికంగా మెత్తబరిచినా, దుమ్మును పట్టి ఉంచి కాలక్రమేణా రంగును నల్లబరుస్తుంది, అందుకని ఆ పని చేయలేదు.

వెలుతురు కోసం ఎస్.పి. రోడ్డులో ఇంటి కప్పుకు బిగించే ఎల్ఈడీ పలకలు కొన్నిటిని, రంగులను నిజంగా చూపించే రకానివి ఎంచి తెచ్చాం. వాటి మీద కొంత ఎత్తులో పాలరంగు అక్రిలిక్ పలక అమర్చితే పలకకూ పలకకూ మధ్య అతుకు కనబడకుండా వెలుతురు సమంగా పరచుకుంది. పాత హాలోజెన్ దీపాలు వాడకూడదు. వాటి వేడికి పలచటి తోలు ముడుచుకుపోతుంది. ప్రతి బొమ్మకూ మూడు చిత్రాలు తీశాం: వెనుకవైపు మామూలు వెలుతురులో, ముందువైపు మామూలు వెలుతురులో, ఆపైన బొమ్మను కదపకుండా పైదీపాలు ఆర్పి కింది నుంచి వచ్చే వెలుతురులో. రెండో చిత్రానికీ మూడో చిత్రానికీ మధ్య బొమ్మగానీ కెమెరాగానీ వెంట్రుకవాసి కదలకూడదు. అలా ఉంటేనే ఆ రెండింటినీ ఒకదాని మీద ఒకటి ఉంచి, చూసేవాళ్లు ఒక మీటను జరిపి పగటి బొమ్మను తెర మీది బొమ్మగా మార్చుకునే వీలుంటుంది. మా మ్యూజియంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చేది ఆ ఒక్క సదుపాయమే. ఫ్రేములో ప్రతిసారీ రంగుల పట్టీ, కొలబద్ద ఉంచాం. రేపు ఎవరైనా ఈ ఎరుపు నిజంగా ఎంత ఎరుపో, ఈ బొమ్మ నిజంగా ఎంత పొడవో తేల్చుకోవాలంటే అవే ఆధారం.

ఆముదపు దీపం వెలుతురు పసుపు కలిసిన ఎరుపుగా ఉంటుంది, మా ఎల్ఈడీ తెల్లగా ఉంటుంది. పాతకాలపు తెరలా కనబడేటట్టు చిత్రాలన్నిటికీ పసుపు ఛాయ కలపాలని మాలో కొందరు గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోలేదు. దాచే ప్రతి తటస్థమైన వెలుతురులోనే ఉండాలి. దీపపు ఛాయతో ఉన్నదాన్ని వేరే ప్రతిగా చేసి, ఇది మా ఊహ అని దాని కింద రాసి చూపవచ్చు. చివరకు అలాగే చేశాం.

ఒక సీత బొమ్మ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మామూలు వెలుతురులో చూస్తే అది బాగా వాడిన బొమ్మ, అంతే: ఆకుపచ్చ చీర, నడుము దగ్గర రంగు కొద్దిగా లేచిపోయింది, కుడి భుజం దగ్గర పురికొస ముడి కొత్తది. పైదీపాలు ఆర్పి కిందివి వెలిగించగానే భుజం నుంచి మోచేతి దాకా మూడు నల్లటి మచ్చలు తేలాయి. తోలు రెండు పొరలైన చోట వెలుతురు దూరదు కనుక అవి నల్లగా కనబడ్డాయి. రంగు పూత కింద దాగిన అతుకులు అవి. ఒకదాని చుట్టూ దారపు కుట్లు దగ్గర దగ్గరగా, సమంగా ఉన్నాయి. ఇంకొకదాని కుట్లు ఎడంగా, తొందరలో వేసినట్టున్నాయి. పెద్దాయన కంప్యూటర్ తెర దగ్గరకు వంగి చూసి, "ఈ దగ్గర కుట్లు మా నాయనవి. ఈ ఎడం కుట్లు నావే, ఆట నడమ చినిగిపోతే లంకలో సీత లేకుండా ఎట్లా అని అక్కడికక్కడే కుట్టినా," అన్నారు. ఆ బొమ్మను ఆయన ఇన్నేళ్లు చేత్తో ఆడించినా, అతుకులన్నీ ఒక్కచోట కనబడటం అదే మొదటిసారి. ఆ చిత్రం పక్కన ఆయన చెప్పిన వివరాన్ని ఆయన మాటల్లోనే పెట్టాం. వస్తువు మరమ్మతుల చరిత్ర ఇంత స్పష్టంగా దొరకడం వెనుక నుంచి వెలుతురిచ్చి తీసినందువల్లనే సాధ్యమైంది.

త్రీడీ ఎందుకు చేయలేదని చాలామంది అడిగారు. అన్ని వైపుల నుంచి తీసిన ఫోటోలను కలిపి త్రీడీ నమూనా తయారుచేసే పద్ధతి రాళ్లకూ విగ్రహాలకూ బాగా పనిచేస్తుంది. వెలుతురు దూరే వస్తువు, మెరిసే వస్తువు, అట్టముక్కంత పలచటి వస్తువు ఆ పద్ధతికి లొంగవు, తోలుబొమ్మలో ఈ మూడు గుణాలూ ఉన్నాయి. పైగా తోలుబొమ్మ గుండ్రంగా తిప్పి చూసే వస్తువు కానే కాదు. దాని మూడో కొలత కదలిక. నడుమ నిలువుగా కట్టిన బద్దను ఒక చేత్తో పట్టుకుని, బొమ్మ చేతులకు కట్టిన పుల్లలను ఇంకో చేత్తో ఆడించినప్పుడు బొమ్మ తెరకు దగ్గరైతే గీత పదునెక్కుతుంది, దూరమైతే మసకబారి పెద్దదవుతుంది. హనుమంతుడికి ఒక్క బొమ్మ చాలదు, సీత ముందు చేతులు జోడించే చిన్న హనుమంతుడు వేరు, లంకను కాల్చే హనుమంతుడు వేరు. అందుకని త్రీడీకి పెట్టవలసిన శ్రమను వీడియోకు మళ్లించాం. తెర ముందు ఒక కెమెరా, తెర వెనుక ఒక కెమెరా ఒకేసారి నడిచాయి, శబ్దం వేరుగా పట్టుకున్నాం. కాలి కింది చెక్కల దరువు, గజ్జెలు, మద్దెల, పెద్దాయన భార్య అయిన అవ్వ గొంతు వేర్వేరు మైకుల్లో ఉన్నాయి కాబట్టి, రేపు ఎవరైనా పద్యం ఒక్కటే వినాలన్నా వినవచ్చు. తోలుబొమ్మలాటగాళ్లు తరతరాలుగా పాడుకుంటూ వచ్చిన రంగనాథ రామాయణం ద్విపదల మధ్య వీళ్లు అప్పటికప్పుడు అల్లే మాటలు ఏ పుస్తకంలోనూ ఉండవు. వాటిని అక్షరం పొల్లుపోకుండా రాయించాం.

రాయించడం అంటే గుర్తొచ్చింది. కుటుంబం దగ్గర పాత ఆట పాఠం ఒకటి కంప్యూటర్ ఫైలు రూపంలో ఉంది, ఏనాడో ఒక మిత్రుడు టైపు చేసి ఇచ్చినది. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గుర్తులు తప్ప తెలుగు ఒక్క అక్షరం కనబడలేదు, ఎందుకంటే అది యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ప్రపంచమంతా వాడే ఉమ్మడి సంకేత పద్ధతి) కాని పాతరకం ఫాంటులో చేసినది, ఆ ఫాంటు లేని యంత్రంలో అది చదవడానికి రాదు. తెలుగు 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే ఉంది. అయినా మన అచ్చు పనులు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పాత ఫాంట్లతోనే నడిచాయి. ఎన్ని పుస్తకాల, నాటకాల పాఠాలు అలా ఫైళ్లలో మూగబోయి ఉన్నాయో అనిపిస్తుంది. ఒక మార్పిడి ఉపకరణంతో దాన్ని యూనికోడ్‌లోకి తెచ్చి, ఒత్తులు తారుమారైన చోట అవ్వ పాడుతుంటే విని సరిచేసుకున్నాం.

భద్రత విషయంలో నా అభిప్రాయం చాలా గట్టిది: వర్చువల్ మ్యూజియం అసలు వస్తువు కంటే ముందే పోగలదు. బ్రిటన్‌లో 1086 నాటి భూముల లెక్కల పుస్తకం, డూమ్స్‌డే బుక్, నేటికీ చదవడానికి వీలుగా ఉంది. దాని 900 ఏళ్ల సందర్భంగా 1986లో బీబీసీ లేజర్ డిస్కుల మీద చేసిన ప్రతిరూపాన్ని చదివే యంత్రాలు ఇరవై ఏళ్లు తిరగకముందే దొరకని స్థితికి వచ్చాయి, ఎంతో శ్రమపడి దాన్ని మళ్లీ బయటికి తీయవలసి వచ్చింది. ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసింది, దాని మీద కట్టిన వర్చువల్ విహారాలు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. త్రీడీ నమూనాలు దాచుకునే గూగుల్ పాలీ 2021 జూన్ చివర మూతపడింది. ఇవన్నీ పెద్ద సంస్థల సంగతులు. ముగ్గురు నలుగురు మిత్రులు నడిపే సైటు సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే డేటాబేసు లేకుండా, సాదా పేజీలతో సైటు కట్టాం. నెలనెలా సాఫ్ట్‌వేర్ నవీకరించకపోతే కూలిపోయే అమరిక ఏదీ అందులో లేదు. ఒప్పందం ప్రకారం సైటు కోసం కుదించిన చిత్రాలను చిన్న చిన్న గడులుగా కోసి పెడితే, చూసేవారు ఏ భాగాన్ని దగ్గరగా చూస్తే ఆ గడులు మాత్రమే దిగుతాయి, కాబట్టి సిగ్నల్ సరిగా లేని ఊళ్లో కూడా ఫోనులో సీత ముక్కుపుడక చిల్లు దాకా చూడవచ్చు. ఇందుకు చాలా మ్యూజియాలు పాటించే ట్రిపుల్ ఐ ఎఫ్ అనే ఉమ్మడి పద్ధతినే వాడాం, రేపు మా సైటు లేకపోయినా ఆ చిత్రాల ప్రతి ఉంటే చాలు, ఇంకో మ్యూజియం సైటు వాటిని తెరవగలదు. మనిషి నిలువెత్తు ఉండే బొమ్మను ముక్కలుగా తీసి కలిపితే 10 కోట్ల పిక్సెళ్ల చిత్రం వస్తుంది, దాన్ని కుదించకుండా 16 బిట్ల టిఫ్ ఫైలుగా దాస్తే ఒక్కటే సుమారు 600 ఎంబీ. అందుకని ఏది శాశ్వతంగా దాచాలి, ఏది అక్కర్లేదు అన్నది మొదటే తేల్చుకోవాలి. మసకగా వచ్చినవి, ఒకే బొమ్మకు రెండుసార్లు తీసినవి తీసేశాం. అంతా దాచేద్దాం అనేది బద్ధకం నుంచి వచ్చే మాట. దాని ఖర్చును మన తర్వాతివాళ్లు మోయాలి.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో అన్న నియమం పాటిస్తున్నాం. ఒక ప్రతి కుటుంబం దగ్గర, ఒకటి మా దగ్గర, ఒకటి అనంతపురంలో వాళ్ల బంధువుల ఇంట్లో ఉంది. ప్రతి ఫైలుకూ గణితపు వేలిముద్ర లాంటి ఒక సంఖ్యను లెక్కకట్టి పెట్టుకుంటాం. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య మారిపోతుంది, దాంతో ఏ ప్రతి చెడిందో తెలుస్తుంది. ఈ పరీక్ష ఏడాదికొకసారైనా చేయాలి, ఎప్పుడు చేయాలో మరిచిపోకుండా ఉండాలి. ఆ ఇంట్లో విజయదశమికి ఉలులకూ బొమ్మలకూ పూజ చేసి పెట్టె తెరిచి గాలి తగిలిస్తారు. హార్డ్ డిస్కులు కూడా ఆ రోజే తీసి పరీక్షించాలని కోడలు సూచించింది. ఏ ప్రాజెక్టు ప్రణాళికలోనూ ఇంతకంటే నమ్మదగిన తేదీ నేను చూడలేదు.

ఈ పనిలో బెంగళూరులో ఉండటం మాకు కలిసొచ్చింది. కస్తూర్బా రోడ్డులోని మ్యాప్, అంటే మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ, 2020 డిసెంబరులో ముందు అంతర్జాలంలో తెరుచుకుని, భవనం తలుపులు 2023 ఫిబ్రవరిలో తెరిచింది. మ్యూజియం ముందు తెర మీద పుట్టి తర్వాత నేల మీదకు రావచ్చని ఈ ఊరే చూపించింది. చిత్రకళా పరిషత్తులో కర్ణాటక తొగలు గొంబెల, అంటే అక్కడి తోలుబొమ్మల, సేకరణ ఉంది. ఆ బొమ్మల పక్కన మన బొమ్మల పరిమాణం, చెక్కుడు ఎంత వేరో పోల్చి చూడటం వివరాలు రాసేటప్పుడు మాకు ఎంతో ఉపయోగపడింది. కేంద్ర ప్రభుత్వ మ్యూజియాల సేకరణలు ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన జతన్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా ఒకే పోర్టల్‌లో కనబడతాయి. మేము మా పట్టికలో గళ్లు ఎలా ఉండాలో నిర్ణయించేటప్పుడు అలాంటి పట్టికలను చూసి, వాటిలో లేని రెండు గళ్లు చేర్చాం: బొమ్మను ఎవరు ఆడించారు, ఎవరు బాగుచేశారు. కళాకారుల పేర్లు లేని తోలుబొమ్మల వివరపట్టికలు చూసి చూసి నాకు బాధగా ఉండేది. తయారుచేసినవాడి పేరు రాయని చోట ఆ వస్తువు గురించి మనం రాసేది అసంపూర్ణమే.

సైటు తెరిచాక కుటుంబానికి డబ్బు వరదలా రాలేదు, వస్తుందని వాళ్లకు మేము చెప్పలేదు. రెండు పాఠశాలలు ఆట ఆడమని పిలిచాయి, ఒక పరిశోధక విద్యార్థిని అతుకుల చిత్రాల గురించి అడిగింది. సీత బొమ్మను ఆ ఏడాది వానలు తగ్గాక పెద్దాయన ఊరికి తీసుకెళ్లి పెన్నలో కలిపారు. వెళ్లేముందు మేము చేసిన పని ఒకటే: దాని భుజపు కొలతలు, చిల్లుల వరసలు తీసి కొత్త సీతకు గీత గీయడానికి ఆయనకు అచ్చు కాగితంగా ఇచ్చాం. మ్యూజియం నుంచి ఒక బొమ్మ మళ్లీ ఆటలోకి వెళ్లడం నాకు ఈ మొత్తం పనిలో చాలా ముఖ్యమైన ఫలితం. సైటులో పాత సీత పేజీ కింద అది నీళ్లలో కలిసిన నెల, కొత్త సీత చెక్కడం మొదలైన నెల రెండూ రాశాం.

ఇప్పుడు మిగిలింది అవ్వ గొంతు. ఇంతవరకు పట్టుకున్నది ఆటలో కొన్ని ఘట్టాలే. రాత్రంతా సాగే లంకాదహనం పూర్తిగా ఇంకా రికార్డు చేయలేదు. ఆమెకు ఇప్పుడు ఏకబిగిన అంతసేపు పాడటం కష్టం కాబట్టి, విడతలు విడతలుగా, ఘట్టానికొక పూట చొప్పున ఆమె వీలును బట్టి పెట్టుకున్నాం. ఏ ఘట్టం ముందో, ఏది తర్వాతో ఆమె కోడలు నోటుబుక్కులో వరుస రాస్తోంది. మనవడు మైకులు అమర్చడం నేర్చుకుంటున్నాడు. వచ్చే విజయదశమికి డిస్కుల పరీక్ష కూడా అతనే చేస్తానన్నాడు.